చచ్చినోళ్ల పగ, బతికినోళ్ల కేసు

కొల్లిపర వైపు పల్లెల నుంచి నలుగురు కుర్రాళ్లు మొన్న మా దగ్గరకొచ్చారు. పసుపు తవ్వకాలకీ అరటి గెలలు మొయ్యడానికీ పోయే ఇళ్లలో పిల్లలు. ఒకడు డిగ్రీ ముగించి తెనాల్లో సెల్‌ఫోన్ల కొట్లో చేస్తున్నాడు. ఇంకొకడు ఆటో నడుపుతాడు. సినిమా తీస్తారట. ఫోన్లోనే తీస్తారట. ఖర్చు ముప్పై వేలు దాటదట. "దెయ్యం సినిమా అన్నా. కామెడీ. పగ తీర్చుకునే దెయ్యం" అన్నాడు ఆటో అబ్బాయి. మన పత్రికలో నాలుగు మాటలు రాస్తే పదిమందికి తెలుస్తుందని వచ్చారు.

మాలో పెద్దాయన ఒకాయన కస్సుమన్నాడు. "త్రిపురనేని రామస్వామి సూతాశ్రమం కట్టిన తెనాలి పక్కన పుట్టి దెయ్యాలేంట్రా? గోడకి అంబేడ్కర్ బొమ్మ, నోటికి దెయ్యం కథా?" అన్నాడు. ఆ అబ్బాయి తడుముకోలేదు. "మేం నమ్మం పెద్దయ్యా. నమ్మేవాళ్ల కోసం తీస్తాం" అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు.

ఈ సంచికలో సంపాదకీయం వేరే విషయం మీద రాయాలనుకున్నాం. కుర్రాళ్లు పోయాక రెండు రోజులు మాలో మేమే తగువుపడ్డాం. ఆ తగువునే ఇక్కడ పెడుతున్నాం.

ముందు వాళ్ల కథ చెప్పాలి. ఒక పాలేరు. కృష్ణ ఒడ్డున లంకలో సాగు చేసుకుంటున్న ముక్కకి పట్టా కావాలని అర్జీ పెడతాడు. అర్జీ పెట్టిన వారానికి అరటితోటలో శవమై తేలతాడు. పాము కరిచిందని రాసుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ పాలేరు దెయ్యమై సాక్షాత్తూ ఆసామినే పూనుతాడు. ఇక చూడండి. ఆసామి తెల్లారుజామునే పంచె ఎగగట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, తన వీధిలో తానే ఒదిగి ఒదిగి నడుస్తాడు. అరుగు మీద కూర్చున్నవాడు ఎవరొచ్చినా లేచి నిలబడతాడు. టీ కొట్టుకి పోయి, చూరులో దోపిన గ్లాసు తీసుకుని, తాగి, తనే కడిగి మళ్లీ చూరులో దోపుతాడు. కూలికొచ్చిన వాళ్లని "అయ్యా, దయచెయ్యండి" అంటాడు. ఇంట్లోవాళ్లు హడలిపోయి భూతవైద్యుణ్ణి పిలుస్తారు. ఆయన ముగ్గేసి కూర్చుని "ఎవరు నువ్వు? ఏ కులం?" అని అడుగుతాడు. పల్లె దెయ్యమని తెలియగానే ముగ్గులోంచి లేచి, పది అడుగులు వెనక్కి పోయి, అక్కణ్ణుంచే విభూతి విసురుతాడు. దెయ్యం కూడా మైలేనట.

కడుపుబ్బ నవ్వాం. నవ్వుతూనే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండు గ్లాసుల గురించి మేం ఎన్ని వ్యాసాలు రాశాం, ఎన్ని సభల్లో మాట్లాడాం! ఆసామి చేత ఆ గ్లాసు పట్టించాలని ఒక్కరికీ తోచలేదు.

ఇక ఆఖరి సీను. దెయ్యం ఆసామిని పసుపు ఉడకబెట్టే బాండీలోకి తోసేస్తుంది. పల్లె మొత్తం చప్పట్లు. శుభం. తగువంతా ఈ సీను దగ్గరే వచ్చింది.

దెయ్యం సినిమాకి డబ్బు పెద్దగా అక్కర్లేదన్నది మన వాళ్లకి విఠలాచార్య నాటినుంచీ తెలుసు. 1978లో ఆయన తీసిన జగన్మోహిని మన పల్లెల్లో ముసలివాళ్లకి ఇప్పటికీ గుర్తే. మోసపోయిన ఆడది మోహినిగా వచ్చి పగ పట్టే కథ. ఆ తర్వాత ఈ రకం సినిమాకి నవ్వు తోడైంది. 2013లో ప్రేమకథా చిత్రం వచ్చింది. చచ్చిపోదామని ఊరవతల ఇంటికి పోయినవాళ్లు అక్కడ దెయ్యాన్ని చూసి ప్రాణభయంతో పరుగెత్తడం అందులో తమాషా. 2017లో ఆనందో బ్రహ్మలో దెయ్యాలే మనుషుల్ని చూసి జడుసుకున్నాయి. పెద్ద హీరో అక్కర్లేదు, ఫారిన్ పాటలక్కర్లేదు. ఒక ఇల్లు, నలుగురు నటులు, రాత్రి, కిర్రుమనే తలుపు ఉంటే చాలు. చిన్నవాళ్లు సినిమా తియ్యగలిగే దారి ఇదొకటి మిగిలింది. ఆ దారిన మన కుర్రాళ్లు పోతామంటే కాదనడానికి మేమెవరం?

ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఈ సినిమాల్లో దెయ్యానికి బంగళా కావాలి. పాతకాలపు మేడ, మిద్దె, చెక్క మెట్లు, పైన తాళం వేసిన గది. మన ఇంట్లో తాళం వేసిన గది ఎక్కడుంది? ఉన్న ఒక్క గదిలో ఆరుగురు పడుకుంటే దెయ్యం ఎక్కడ తిరగాలి? కొల్లిపర కుర్రాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించారు. "మా దెయ్యం బయటే తిరుగుద్దన్నా, అరటితోటలో" అన్నారు.

నవ్వు గురించి కూడా ఒక మాట. ఈ సినిమాల్లో భయపడేదెవరు? వాచ్‌మన్, వంటమనిషి, తాగుబోతు, నల్లటివాడు, లావుపాటి ఆడమనిషి. హీరో భయపడినా కాసేపే. పేదవాడి భయం మీద హాలంతా నవ్వుద్ది. రాత్రి రెండు గంటలకి మోటారు కట్టడానికి చేలోకి పోయేది ఎవరు? ఊళ్లో శవానికి గొయ్యి తీసేది ఎవరు? కాటికాపలా ఎవరిది? చచ్చినవాళ్లతో తరతరాలుగా పనున్న మనల్ని దెయ్యానికి దడుసుకునే బఫూన్లుగా చూపించడం మహా వింత. కొల్లిపర వాళ్ల కథలో ఇది తిరగబడింది. అక్కడ దడుసుకునేది మేడలో వాళ్లు. పల్లెలో ముసలమ్మ మాత్రం దెయ్యాన్ని గుర్తుపట్టి "ఏరా, తిన్నావా?" అని అడుగుద్ది. ఆ ఒక్క మాట కోసమైనా ఈ సినిమా తియ్యాలన్నది మాలో అందరి అభిప్రాయం.

ఈ దారిలో మన గురించి ఎంతో కొంత ఆలోచించిన సినిమా ఏదంటే రాఘవ లారెన్స్ తీసినవే చెప్పాలి. 2007లో మునిలో దెయ్యం ఒక మురికివాడ మనిషి. నాయకుణ్ణి నమ్మి మోసపోయి చచ్చినవాడు. 2011లో కాంచన వచ్చింది. అరవంలో తీసినా తెలుగునాట ఊరూరా ఆడింది. అందులో కాంచన హిజ్రా. కన్నవాళ్లు వదిలేస్తే ఒక ముస్లిం సాయిబు చేరదీస్తాడు. పెద్దయ్యాక పేదలకి ఆసుపత్రి కట్టాలని భూమి కొంటుంది. ఎమ్మెల్యే ఆ భూమి మీద కన్నేసి ఆమెనూ, సాయిబునూ, మతి సరిగా లేని ఆయన కొడుకునూ చంపిస్తాడు. ముగ్గుర్నీ అదే భూమిలో పాతేస్తారు. దెయ్యమై తిరిగొచ్చి పగ తీర్చుకోవడం మిగతా కథ. ఇందులో కొత్తదేముంది? భూమి, హత్య, పాతెయ్యడం. మన ప్రతి ఊరి ఎఫ్‌ఐఆర్‌లోనూ ఉన్న కథే. హిజ్రాని చూసి పగలబడి నవ్వడానికి అలవాటు పడ్డ జనం అదే హాల్లో కాంచన ఫ్లాష్‌బ్యాక్‌కి కళ్లు తుడుచుకున్నారు. అందుకు ఆ సినిమాకి దణ్ణం పెట్టాలి. ఆ పాత్ర వేసినవాడు శరత్‌కుమార్, హిజ్రా కాదు, అది వేరే పేచీ. 2014 ఏప్రిల్లో సుప్రీం కోర్టు వాళ్లని మూడో జెండర్‌గా గుర్తించిన తర్వాత కూడా తెర మీద వాళ్ల వేషం వాళ్లకి దక్కడం అరుదే.

కాంచన ఆఖర్న ఒక ఘట్టం ఉంది. విలన్ పారిపోయి గుళ్లో దూరతాడు. దెయ్యం గుడి గడప దాటలేదు. హంతకుడు లోపల, చచ్చిపోయిన మనిషి బయట. బయట నిలబడి లోపలి దేవుణ్ణి న్యాయం అడుగుద్ది. ఇది చూసినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. దెయ్యాన్ని చూసి భయమేసి కాదు. గుడి బయట నిలబడి అడగడం మన తాతల నుంచి మనకు తెలిసిన పని. 1930లో అంబేడ్కర్ నాసిక్ కాలారాం గుడి తలుపుల ముందు వేలమందిని నిలబెట్టాడు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీసి గుడి సంగతి తెర మీదికి తెచ్చాడు. గుడి మనకెందుకు అనే చర్చ మనలో ఎప్పటినుంచో ఉంది, ఉండనీండి. హంతకుడికి గుళ్లో చోటుంది, హతుడికి లేదు అన్న సంగతిని ఒక దెయ్యం కామెడీ ఇంత సూటిగా చూపించింది. సినిమాలో దేవుడు కరిగి దెయ్యాన్ని లోపలికి రానిచ్చాడు. మన వాళ్లని నాసిక్‌లో రానివ్వలేదు.

అయితే ఆ సినిమాలన్నిట్లోనూ ఇంకో సంగతుంది. చచ్చిన పేదవాడికి సొంత ఒళ్లుండదు. హీరో ఒళ్లు అరువు తెచ్చుకోవాలి. హీరో పూనకంలో కొడతాడు, నరుకుతాడు, పగ తీరాక మామూలు మనిషై పాట పాడతాడు. అతనిమీద కేసు ఉండదు. దెబ్బలు తినేది మనం, పూనకం హీరోది, చప్పట్లూ హీరోకే. జనం పేదవాడి పగకి చప్పట్లు కొట్టాలంటే పేదవాడు ముందు చచ్చి ఉండాలన్న మాట. బతికున్న పాలేరు పట్టా అడిగితే అదే జనం ఏమంటారో కొల్లిపరలోనే కాదు, ఏ ఊళ్లోనైనా అడిగి చూడండి.

ఇక్కడ మాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఒక పక్షం "చంపనీండయ్యా, బొమ్మలోనైనా చంపనీండి. రోజంతా వంగి పనిచేసిన మనిషికి రాత్రి రెండు గంటల ఆనందం. దాన్నీ మీరు ఎడిట్ చేస్తారా?" అంది. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఆ ఆనందం మాకూ తెలుసు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని నరికారు. ఆ కేసులో ప్రధాన నిందితుణ్ణి 1989లో నక్సలైట్లు చంపారు. ఆ వార్త విన్న రోజు మన పల్లెల్లో ఎవరూ కంటతడి పెట్టలేదని అందరికీ తెలుసు. దాచుకోవాల్సిన పనిలేదు. కానీ ఆ తర్వాత కూడా కారంచేడు నుంచి తరిమేసిన జనం చీరాల విజయనగర్ కాలనీలోనే ఉన్నారు. కేసు 2008లో సుప్రీం కోర్టు తీర్పు దాకా నడుస్తూనే ఉంది. ఒక మనిషి చచ్చాడని సాక్షుల పని తీరిపోలేదు. వాళ్లు వాయిదాలకి తిరగడం మానలేదు.

రెండో పక్షం చుండూరు సంగతి తీసింది. తెనాలికి ఎగువన కొల్లిపర అయితే దిగువన చుండూరు. ఈ నలుగురు కుర్రాళ్లూ అప్పటికి పుట్టలేదు. కాబట్టి చెప్పాల్సొచ్చింది. చుండూరు కథ మొదలైంది ఒక సినిమా హాల్లో. 1991 జూలైలో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు కుర్చీలో కూర్చున్న రెడ్ల అబ్బాయికి తగిలింది. అంతే. అదే టిక్కెట్టు, అదే చీకటి, అదే బొమ్మ. చీకట్లో కూడా కాలికి కులం ఉంది. అక్కణ్ణుంచి కొట్లాట, ఆ మీదట సాంఘిక వెలి, పనులు బంద్. ఊళ్లో పోలీసు పికెట్ ఉండగానే ఆగస్టు 6న దళితుల్ని పొలాల్లోకి తరిమి ఎనిమిది మందిని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు.

కొల్లిపర అబ్బాయిలు ఇక్కడ మాట్లాడటం మానేశారు. ఆటో అబ్బాయి మాత్రం "వాళ్లు దెయ్యాలవ్వాలి గదన్నా" అన్నాడు మెల్లగా.

కాలేదు. చుండూరు వాళ్లు చచ్చినవాళ్లని దెయ్యాలు కానివ్వలేదు. శవాల్ని తీసుకెళ్లి ఊరవతల శ్మశానంలో పెట్టలేదు, ఊరి నడిమధ్యన పాతారు. ఇవాళ దాన్ని రక్తక్షేత్రం అంటున్నాం. దెయ్యం ఎప్పుడూ పేరు లేకుండా, చోటు లేకుండా తిరుగుద్ది. వీళ్లకి పేర్లున్నాయి, చోటుంది. దారినపోయే ప్రతివాడూ చూడాల్సిందే. ఆ మీదట వాళ్లు కత్తులడగలేదు, కోర్టు అడిగారు. అదీ మా ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని చుండూరుకే తెప్పించుకున్నారు. కారంచేడు అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసిన బొజ్జా తారకం గారు ఈ కేసు వెంట ఏళ్లకేళ్లు తిరిగారు. 2007 జూలై 31న తీర్పొచ్చింది. ఇరవై ఒక్కమందికి యావజ్జీవం, ముప్పై అయిదుమందికి ఏడాది జైలు. హత్యలు జరిగి అప్పటికి పదహారేళ్లు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. సుప్రీం కోర్టుకి పోయారు. తారకం గారు 2016లో పోయారు.

హైకోర్టు ఏమంది? చనిపోయిన సమయం సరిగ్గా తేలలేదంది. ఏ చోట చంపారో తేలలేదంది. ఎవరు ఎవర్ని కొట్టారో రుజువు కాలేదంది.

ఇదంతా విని సెల్‌ఫోన్ల కొట్టు అబ్బాయి, అప్పటిదాకా నోరెత్తనివాడు, ఒక మాటన్నాడు. "అన్నా, మన దెయ్యాన్ని కోర్టుకి తీసుకుపోతే?"

తగువు అక్కడితో ఆగింది. ఆ రాత్రి మేమూ వాళ్లూ కలిసి ఆ సీను అల్లాం. దెయ్యం ఆసామిని బాండీ దాకా లాక్కుపోతుంది. అంచు మీద నిలబెడుతుంది. "చంపితే పాము కరిచిందని రాసిన కాగితం అట్టాగే ఉంటుంది గదా, నా ముక్క నా పెళ్లానికి వస్తుందా?" అని ఆగి, వదిలేసి, నేరుగా కోర్టుకి పోతుంది. బోనెక్కుతుంది. ఆసామి తరఫు వకీలు లేస్తాడు. "నువ్వు చచ్చింది ఎన్ని గంటలకి?" "వాచీ లేదయ్యా." "సూర్యుడు ఎటున్నాడు?" "బోర్లా పడున్నానయ్యా, సూర్యుడు కనపళ్లేదు." "నిన్ను పొడిచింది ఎవరు?" "వీపులో పొడిచారు." "అంటే మొహం చూడలేదు!" "కేక గుర్తుపట్టాను. ఇరవయ్యేళ్లు నన్ను పిలిచిన గొంతు." "కేకకి పంచనామా ఉందా?" ఆ తర్వాత గుమస్తా వచ్చి, నువ్వు దళితుడివేనని రుజువేంటి, ఎమ్మార్వో ఇచ్చిన కుల ధ్రువపత్రం తెచ్చావా అని అడుగుతాడు. బతికున్నప్పుడు ఊరంతటికీ తెలిసిన కులం చచ్చాక ఒక్కడికీ తెలియదు. వాయిదా వేస్తారు. దెయ్యం బోను దిగి వరండాలో కూచుంటుంది. పక్కన ఇంకా దెయ్యాలుంటాయి. "నీది ఏ సంవత్సరం?" అని ఒకదాన్నొకటి అడుగుతుంటాయి.

మేం ఈసారి నవ్వామో ఏం చేశామో చెప్పలేం.

మా మొదటి పక్షం ఇంకా ఒప్పుకోలేదు. జనానికి చప్పట్లు కొట్టే సీను కావాలిగా అంటుంది. అదీ నిజమే. వరండాలో కూచున్న దెయ్యాలకి ఎవరు చప్పట్లు కొడతారు? కుర్రాళ్లే దారి చెప్పారు. ఆసామిని పూనినప్పుడు గ్లాసు కడిగించడం, పల్లెలోకి నడిపించి ముసలమ్మ ముందు చేతులు కట్టించడం, కూలి బాకీ లెక్క మైకులో చదివించడం, చప్పట్లన్నీ అక్కడ పడాలి. చావు దగ్గర పడకూడదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ఇచ్చే నష్టపరిహారం ఎంతో దెయ్యం చేతే చెప్పించమని మా పెద్దాయన సలహా ఇచ్చాడు. అది మరీ ఉపన్యాసమైపోద్దని కుర్రాళ్లు పక్కన పెట్టారు. వాళ్లదే రైటు.

ఇంకొకటి వాళ్లకి గట్టిగా చెప్పాం. భూతవైద్యుడి సీను ఎంత నవ్వించినా, దెయ్యం పట్టిందని ఆడమనిషిని కొట్టే సీను మాత్రం వద్దు. చేతబడి చేసిందని, బాణామతి చేసిందని ముసలామెని చెట్టుకి కట్టి చంపిన వార్తలు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఆ ముసలామె ఏ పల్లె మనిషో మనకు తెలియంది కాదు. తెర మీద అది కామెడీ, బయట అది హత్య. కుర్రాళ్లు వెంటనే సరేనన్నారు. ఆ సీను రాసుకున్నారట, కొట్టేశారు.

పసుపు తవ్వకాలు అయిపోయాక షూటింగు. అరటితోట దొరికింది. ముసలమ్మగా వాళ్ల సొంత నాయనమ్మే వేస్తుంది. డైలాగు చెప్పమంటే "తిన్నావా అనే గదరా, రోజూ అనేదేగా" అందట. చిక్కు కోర్టు దగ్గరే వచ్చింది. బంగళాయే దొరకనివాళ్లకి కోర్టు ఎవరిస్తారు? పాత బడి గదిలో రెండు బల్లలు ఎత్తి పెట్టి, ఒక నిచ్చెన అడ్డంగా కట్టి బోను చేస్తామంటున్నారు. నల్లకోటు కావాలి. మన వకీలు మిత్రులెవరైనా రెండు రోజులకి అరువిస్తే ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చిస్తారు. వకీలు వేషం వేసేది ఆటో అబ్బాయి, మనిషి బక్కపలచన. కొంచెం పాతదైనా ఫర్వాలేదట.